సుద్దముక్కతో రాసిన నాలుగు

మా నాన్న పోయి ఏడాది తిరిగింది. సంవత్సరీకానికి హైదరాబాదు నుంచి మా బావ వచ్చాడు. బావ అంటే నాన్నకి అక్క కొడుకు. ఒకప్పుడు ఇక్కడే, బెంగాల్లోని మా ఖరగ్‌పూర్‌లో, ఇంజనీరింగ్ విద్యాసంస్థలో ఉద్యోగం దొరికి, ఎనిమిది నెలలు మా రెండు గదుల క్వార్టర్లో ఉండి, మా అమ్మ చేతి వంట తిని వెళ్లినవాడు. భోజనాల దగ్గర విస్తట్లో గారె విరుచుకుంటూ, పక్కనున్న నలుగురికీ వినబడేలా, "మావయ్య చేతిలో ఎన్ని బ్యాటరీలు బతికాయో లెక్కలేదు. ఒక్కటి మాత్రం ఉడికిపోయింది. నాలుగు ఆంపియర్లు పెట్టాల్సినదానికి ఎనిమిది అని రాసిపెట్టి డ్యూటీకి వెళ్లిపోయాడు మహానుభావుడు" అన్నాడు. నలుగురూ నవ్వారు. వడ్డిస్తున్న అమ్మ కూడా మర్యాదకి నవ్వింది. పైన గోడమీద దండ వేసిన ఫోటోలో ఉన్న మనిషికి సమాధానం చెప్పుకునే వీలు లేదు. నాకు ఉంది. పప్పు కలుపుకుని తిన్నాను.

మర్నాడు పొద్దున్న నా కారు కదల్లేదు. పనుల హడావిడిలో మూడు వారాలు వాకిట్లోనే ఉండిపోయింది. తాళం తిప్పితే టక్కుమని ఒక్క చప్పుడు, అంతే. బావ రైలు మధ్యాహ్నం మూడింటికి. స్టేషన్‌కి దింపుతానని మాట ఇచ్చి ఉన్నాను. ఒక చార్జరు కొనేస్తే నాకూ ఇంట్లో ఉంటుందని, ఇద్దరం మలంచా రోడ్డు మీద ఉన్న బ్యాటరీల దుకాణానికి నడిచాం. దుకాణదారు రెండు పెట్టెలు బల్ల మీద పెట్టాడు. ఒకటి ఇరవై ఆంపియర్లది, ముందుభాగం అంతా దీపాలు. రెండోది నాలుగు ఆంపియర్లది, సబ్బుపెట్టె కంటే కాస్త పెద్దది. "ఏటా నిన్ దాదా, ఇది తీసుకోండి, బీస్ ఆంపియర్. దో ఘంటా మే గాడీ రెడీ" అన్నాడు. బావ ఆ పెద్దదాన్ని అప్పటికే చేతిలోకి తీసుకున్నాడు. "నీది ఎంత, ముప్పై ఐదేగా? దీంతో రెండు గంటల్లో పని అయిపోతుంది. ఏంట్రా ఆ చూపు? నువ్వు కూడా మావయ్యలాగా పదో వంతు, పదో వంతు అంటూ కూర్చుంటావా?"

కూర్చుంటాను. ఎందుకు కూర్చోవాలో ముందు చెప్తాను, తర్వాత మిగతాది. చార్జరు కొనేవాడు చూడవలసినవి నాలుగు. మొదటిది, బ్యాటరీ మీద అచ్చువేసిన సామర్థ్యం. నాది ముప్పై ఐదు ఏహెచ్, అంటే ఒక ఆంపియరు చొప్పున తీసుకుంటే ఇంచుమించు ముప్పై ఐదు గంటలు ఇవ్వగలదని. రెండోది, చార్జరు ఎంత కరెంటు పంపుతుందన్నది. సామర్థ్యంలో పదో వంతు మేలు. నాకు మూడున్నర కావాలి, నాలుగు సరిపోతుంది, ఇరవై అన్నది దౌర్జన్యం. మూడోది, నిండాక తనంతట తాను తగ్గుతుందా, లేదా. నాలుగోది, మన దగ్గర ఎంత సమయం ఉందన్నది. చాలామంది ఈ నాలుగోదాన్ని మొదట పెట్టుకుంటారు. బ్యాటరీలు చచ్చేది అక్కడే. పలకల లోపలికి కరెంటు మెల్లగా ఇంకాలి. తోసి పంపితే నీళ్లు మరుగుతాయి, పలకలు వేడెక్కి వంకర తిరుగుతాయి, పై మీటరు మాత్రం అంతా బాగానే ఉందని చూపిస్తుంది. ఇదంతా నేను డిప్లొమాలో రెండో ఏడాది పుస్తకంలో చదివాను. అంతకు పదేళ్ల ముందే మా వరండాలో విన్నాను. "ఆకలేసినోడికి ఒక్కపాలి కుండెడు కూడు పెట్టినావనుకో, సస్తాడు. పదో వంతు పెట్టు, మళ్లీ పెట్టు. ఆడే లేస్తాడు" అనేవాడు నాన్న.

నాన్న రైల్వే వర్క్‌షాపులో రైలుపెట్టెల బ్యాటరీలు చూసే సెక్షన్లో ఫిట్టరు. పొద్దున్న భోంపు అనే వర్క్‌షాపు సైరను మొదటిసారి మోగేసరికి పళ్లు తోముకుని, రెండోసారికి చద్దన్నం తిని, మూడోసారికి సైకిలెక్కేవాడు. సాయంత్రాలు మా న్యూ సెటిల్‌మెంట్ క్వార్టరు వెనక వరండాలో ఊళ్లోవాళ్ల కారు బ్యాటరీలు చార్జి చేసేవాడు. రైలు పట్టాల కింద వేసే పాత స్లీపరు చెక్కలతో కొట్టిన బల్ల, దానిమీద ఆకుపచ్చ రంగు ఇనపపెట్టె చార్జరు, దానికి ఒక మీటరు, తిప్పితే టకటకమనే ఒక నాబ్. వాడేసిన సెలైన్ సీసాల్లో డిస్టిల్డ్ వాటరు. యాసిడ్ బరువు చూసే గాజు గొట్టాన్ని పాత తువ్వాలులో చుట్టి, దేవుడి పటాల గూట్లో పెట్టేవాడు, పిల్లలం ముట్టుకోకుండా. అమ్మ చీరలన్నిటికీ కొంగు దగ్గర సన్నటి చిల్లులు ఉండేవి, ఆ వరండాలోనే బట్టలారేసేది కాబట్టి. వంటసోడా డబ్బా వంటింట్లో కంటే వరండాలోనే ఎక్కువసేపు ఉండేది. బజ్జీలకి పిండి కలుపుతూ, "ఓ మనిషీ, నా సోడా నాకిచ్చీ" అని అమ్మ కేకేయడం, "యాసిడ్ ఒలికింది, కడిగినాను, అయిపోనాది" అని నాన్న గొణగడం, వారానికి రెండుసార్లయినా జరిగేది. వాసన గురించి కూడా చెప్పాలి. చార్జింగ్ సవ్యంగా జరుగుతుంటే ముక్కుపుటాలకి సన్నగా పులుపు తగిలేది. మితిమీరితే కుళ్లిన గుడ్డు కంపు. ఆ రెండో వాసన మా ఇంట్లో నేను ఒకే ఒక్కరోజు చూశాను.

నాన్నకి మూడు రకాల అంకెలు వచ్చు. తెలుగు బడిలో చదివిన తెలుగు అంకెలు, జీతం చీటీ మీద ఇంగ్లీషు అంకెలు, పని నేర్పిన ముసలి మిస్త్రీ దగ్గర పట్టుబడిన బెంగాలీ అంకెలు. బ్యాటరీ పని బెంగాలీలో నేర్చాడు కాబట్టి బ్యాటరీ మీద రాత కూడా బెంగాలీలోనే. ప్రతి బ్యాటరీ పక్కన గోడమీద సుద్దముక్కతో, ఎన్ని ఆంపియర్లలో పెట్టాలో ఒక్క అంకె రాసేవాడు. ఇక్కడ ఒక సంగతి ఉంది. బెంగాలీ నాలుగు అచ్చం ఇంగ్లీషు ఎనిమిదిలా ఉంటుంది: ৪. ఖరగ్‌పూర్‌లో పుట్టిన తెలుగు పిల్లలందరం ఒక్కసారైనా నాలుగో నంబరు బస్సుని ఎనిమిది అనుకుని వదిలేసి, ఇంట్లో తిట్లు తిన్నవాళ్లమే. అలా తిట్లు తిన్న రోజున నాన్న పలక మీద మన తెలుగు నాలుగు వేసి చూపించాడు: ౪. "సూడు, మన నాలుగే. ఆళ్లు తల మూసీసినారు, అంతే తేడా." ఆ తర్వాత నేనెప్పుడూ పొరబడలేదు.

ఆ కంపు వచ్చింది పదమూడేళ్ల కిందట ఒక శనివారం. బావకి సెలవు, నాన్నకి డ్యూటీ ఉంది. నాకు పదిహేడేళ్లు, డిప్లొమా మొదటి ఏడాది, పరీక్షలకి చదువుకుంటూ ఇంట్లోనే ఉన్నాను. బల్ల మీద ఉన్నది సత్యం బాబాయ్ వాన్ బ్యాటరీ. సత్యం బాబాయ్ మా వెనక లైనులో ఉండేవాడు, వాన్ అద్దెకి తిప్పేవాడు. మర్నాడు ఆదివారం పొద్దున్న ఆయన కూతురు గౌరి అక్కకి మేదినీపూర్‌లో నర్సింగ్ ప్రవేశ పరీక్ష. వచ్చే ఏటికి ఆమెకి వయసు దాటిపోతుంది, ఇదే ఆఖరుసారి. ఈ సంగతి లైను మొత్తానికి తెలుసు. నాకూ తెలుసు. నాన్న క్లిప్పులు తగిలించి, గోడమీద అంకె వేసి, సైకిలు తీస్తూ, కరెంటు లేదని చూసి బావతో అన్నాడు: "బాబూ, కరెంటొచ్చాక స్విచ్చి వెయ్యి. అంకె అక్కడ రాసినాను. సాయంత్రం దాకా అలాగుంచు." కొడుకు పక్కనే ఉండగా మేనల్లుడికి చెప్పాడు. ఇంజనీరు ఇంట్లో ఉండగా డిప్లొమా కుర్రాడికి చెప్పడం మర్యాద కాదనుకున్నాడు కాబోలు. నాన్న ఒక ఇంగ్లీషు కాగితం చదవాలన్నా, ఫ్యానుకి నూనె వెయ్యాలన్నా బావని ఒక మాట అడిగేవాడు ఆ రోజుల్లో. ముప్పై ఏళ్లు బ్యాటరీల మధ్య గడిపిన మనిషి. ఆ వంగడం తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

తొమ్మిదింటికి కరెంటు వచ్చింది. బావ టీ గ్లాసు పట్టుకుని వరండాలోకి వెళ్లి, గోడ చూసి, స్విచ్చి వేసి, నాబ్‌ని ఎనిమిది దాకా తిప్పాడు. నేను పుస్తకం మూసి వెళ్లాను.

"బావా, అది నలభై ఏహెచ్ బ్యాటరీ. నాలుగు పెట్టాల."

"గోడమీద ఏముంది? ఎనిమిది. చదవడం రాదా?"

"అది బెంగాలీ..."

"ఒరేయ్, ఫస్టియర్లో చేరి ఆరు నెలలు కాలేదు. అప్పుడే నాకు కరెంటు నేర్పుతావా? అత్తయ్యా, మీవాడు చూడండి, మావయ్య రాసింది కూడా తప్పంటున్నాడు!"

వంటింట్లోంచి అమ్మ కేకేసింది. "పెద్దోళ్లతో వాదనేటిరా? నోరు మూసుకుని సదువుకో ఎల్లు!"

వెళ్లి కుర్చీలో కూర్చుని పుస్తకం తెరిచాను. పదింటికి బావ స్నేహితుల్ని కలవడానికి వెళ్లాడు. ఇంట్లో అమ్మ, నేను. చార్జరు నా కుర్చీకి ఆరడుగుల దూరంలో ఉంది. పన్నెండు తర్వాత బ్యాటరీ లోపల అన్నం ఉడుకుతున్న చప్పుడు మొదలయింది. మూడింటికి కంపు. "ఏటిరా ఆ వాసన?" అంది అమ్మ. "ఏటీ లేదు" అన్నాను. నాలుగున్నరకి బావ తిరిగొచ్చి స్విచ్చి ఆపి, మీటరుతో వోల్టేజి చూసి, "ఫస్ట్ క్లాస్" అన్నాడు. బ్యాటరీ కోసం వచ్చిన సత్యం బాబాయ్‌కి తనే ఇచ్చేశాడు. ఆయన దాన్ని సైకిలు క్యారియరుకి కట్టుకుంటూ చెయ్యి తగిలి, "ఓలమ్మ, కాల్తంది బాబూ" అంటే, "కొత్తగా చార్జి అయింది కదండీ, అలాగే ఉంటుంది" అన్నాడు. అరగంట తర్వాత నాన్న వచ్చాడు. "బ్యాటరీ ఇచ్చీసినావా బాబూ? ఎలాగుంది?" "మీరు రాసిందే పెట్టాను మావయ్యా. ఫుల్." నాన్న సంతోషంగా కాళ్లు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు. నేను అక్కడే ఉన్నాను.

ఆదివారం పది దాటాక సత్యం బాబాయ్ మా వీధి గుమ్మంలోకి వచ్చి అరిచిన అరుపులు లైనంతా విన్నారు. పొద్దున్న వాన్ కదల్లేదు. లైనువాళ్లు తోశారు, స్టార్టయింది. కంసావతి వంతెన దగ్గరికి వెళ్లేసరికి ముందు లారీలు ఆగితే ఇదీ ఆగింది, మళ్లీ లేవలేదు. గౌరి అక్క పరీక్ష కోసం ఇస్త్రీ చేయించుకున్న బట్టల్లో దిగి, ఒక్కతే వెనకనుంచి తోసింది. చివరికి ఎవరిదో కూరగాయల టెంపో ఎక్కి వెళ్లేసరికి గేటు మూసేశారు. "పేద్ద బ్యాటరీ మాస్టారివి! నా కూతురి బతుకు ఉడకబెట్టీసినావు కదరా!" అన్నాడు బాబాయ్. అంతవరకూ నాన్నని అన్నా అనేవాడు తప్ప ఏకవచనంలో పిలిచి ఎరగడు.

నాన్న లోపలికి తిరిగి, "ఎంతలో పెట్టినావు బాబూ?" అని మెల్లగా అడిగాడు. "ఎనిమిది. మీరే రాశారు కదా" అన్నాడు బావ. నాన్న వరండాలోకి వెళ్లి గోడమీద అంకె ముందు నిలబడ్డాడు. తను రాసింది బెంగాలీ నాలుగని ఆయనకి తెలుసు, బావ దాన్ని ఎలా చదివాడో అర్థమైంది. తిరిగొచ్చి, లైను జనమంతా చూస్తుండగా, "నాదే తప్పు సత్యం. ఆ అంకె నాను రాసిందే" అన్నాడు. అబద్ధం కాదు. ఆ నిజాన్ని అడ్డం పెట్టుకుని మేనల్లుడి పరువు కాపాడాడు. మర్నాటి నుంచి అంకెలు మానేసి, సుద్దముక్కతో తెలుగు అక్షరాల్లో రాయడం మొదలుపెట్టాడు. నాలుగు. ఆరు. మూడున్నర. చూసిన బెంగాలీవాళ్లు "కీ లిఖేఛో దాదా, ఏం రాశావు? జిలేబీలా ఉంది" అని ఎగతాళి చేసేవారు. అయితే చూసేవాళ్లు తగ్గిపోయారు. ఏడాది తిరిగేసరికి స్లీపరు బల్ల మీద మిరపకాయలు ఆరబోసుకుంటున్నాం.

ఇవన్నీ ఆ దుకాణంలో, ఇరవై ఆంపియర్ల పెట్టె పట్టుకుని నవ్వుతున్న బావ ఎదురుగా నిలబడ్డప్పుడు గుర్తుకొచ్చాయి. బల్ల మీదున్న పెన్ను తీసుకుని, ఖాళీ అట్టపెట్టె మీద మూడు అంకెలు వేశాను. తెలుగు నాలుగు, బెంగాలీ నాలుగు, ఇంగ్లీషు ఎనిమిది. "నిన్న భోజనాల దగ్గర చెప్పావే, నాన్న రాసిన ఎనిమిది. అది ఇందులో ఏదో చూపించు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

బావ అట్ట వంక చూశాడు. నేను ఎదురుచూసిన ఆశ్చర్యం ఆ ముఖంలో రాలేదు. "అబ్బా, అది బెంగాలీ నాలుగని నాకు తెలుసులేరా" అన్నాడు.

"ఎప్పటినుంచి?"

"అప్పుడే, ఓ నెలలోపు. బస్సు తప్పినప్పుడు. మావయ్య అప్పటికే ఒప్పేసుకున్నారు కదా, మళ్లీ కెలకడం ఎందుకని. ఆయనా ఏమీ అనుకోలేదు."

ఏమీ అనుకోలేదు. ఆ తర్వాత కూడా నెలల తరబడి మా ఇంట్లో తిన్నాడు. పదమూడేళ్లు తెలిసి ఉండి, నిన్న ఆ మనిషి సంవత్సరీకంలో గారె విరుచుకుంటూ అదే అబద్ధం మళ్లీ చెప్పి నవ్వించాడు. కొట్టాలనిపించింది. కొట్టలేదు. నేను దుకాణదారుతో, "దాదా, ఓ ఛోటోటా దిన్, చిన్నది ఇవ్వండి" అన్నాను. బావ వాచీ చూసుకున్నాడు. "నాలుగుదా? ఎన్ని గంటలు పడుతుంది?"

"తొమ్మిది. నీ రైలు టైముకి అవదు. ఆటో మాట్లాడుకో బావా. సాయంత్రం అందరికీ ఫోన్ చేస్తాను. నిన్న నవ్వినవాళ్లందరికీ."

బావ ఏదో అన్నాడు, నేను వినిపించుకోలేదు. పెట్టె చంకలో పెట్టుకుని రోడ్డు దాటాను. అదే వరసలో ఇంకొంచెం ముందు మందుల దుకాణం ఉంది. గౌరి అక్క అక్కడ కౌంటరు దగ్గర పనిచేస్తుంది. నెలనెలా అమ్మ బీపీ మాత్రలు ఆమె దగ్గరే కొంటాను. పదమూడేళ్లుగా "బాగున్నావా అక్కా" అనే మాట తప్ప వేరే మాట మాట్లాడలేదు. నా చేతిలో పెట్టె చూసి, "ఏటిరా, చార్జరా? మీ నాన్నది ఉండాల కదా" అంది. ఆ మాటలో దెప్పు లేదు. దెప్పి ఉంటే బాగుండేది.

చెప్పేశాను. గోడమీద అంకె, బావ చెయ్యి, నాబ్, అన్నీ వరసగా చెప్పాను. నాన్న తప్పు ఇందులో పిసరంత కూడా లేదని చెప్పాను. ఆమె మాత్రల అట్టని కత్తెరతో కత్తిరిస్తూ విన్నది. అంతా అయ్యాక, "నువ్వు సూసినావు" అంది.

"చూశాను."

"రోజంతా ఇంట్లోనే ఉన్నావు."

"ఉన్నాను."

"మరి తగ్గించలేదేటి?"

డిప్లొమా పిల్లవాణ్ణి, భయపడ్డాను అని చెప్పొచ్చు. అమ్మ కేకలేసింది అని చెప్పొచ్చు. ఆ కారణాలు రెండూ రాసి పెట్టుకున్నట్టుగా నా దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉన్నాయి. కానీ అమ్మ పన్నెండు నుంచి రెండు దాకా నిద్రపోయింది. ఆ రెండు గంటలూ ఇంట్లో మెలకువగా ఉన్నది నేనూ, ఆ మరుగుతున్న బ్యాటరీ. నాబ్‌ని నాలుగు మెట్లు వెనక్కి తిప్పితే అయిపోయేది. ఒకసారి లేచి దాని దగ్గరికి వెళ్లాను కూడా. చెయ్యి జేబులోనే ఉంచుకుని తిరిగొచ్చాను.

"బావదే తప్పని తేలాలని, అక్కా" అన్నాను.

గౌరి అక్క మాత్రలు కవర్లో వేసి, కవరు మడిచి, పిన్ను కొట్టింది. అప్పుడు తలెత్తి నన్ను చూసింది.

"తేలిందేటి?" అంది.

వెనక ఎవరో బెంగాలీ ముసలాయన చీటీ చాపాడు. ఆమె అటు తిరిగి, "బోలున్ దాదా, చెప్పండి" అంది.